ఓడిన వాదం గెలిచి ఉంటే: 1955 సిఫార్సు, 1956 ఒప్పందం, మనకు మిగిలిన పాఠం

(బాన్సువాడలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ సార్ ఈ ప్రాంతంలో ఎన్నో ఏండ్లు సాంఘికశాస్త్రం చెప్పారు. తేదీలు వల్లె వేయించడం ఆయన పద్ధతి కాదు. ఒక రాజు యుద్ధానికి పోయిండనో, ఒక సభ తీర్మానం చేసిందనో చెప్పినాక ఆగి, "ఇంకో తొవ్వ ఉండెనా? ఆ తొవ్వన పోతే ఏమయ్యేది?" అని అడిగేవారు. చరిత్రను విధిరాతగా కాక మనుషులు చేసిన నిర్ణయాల వరుసగా చూడడం ఆ ప్రశ్న నేర్పింది. ఆయన స్మృతికి ఆ ప్రశ్నను మించిన నివాళి లేదనుకొని, ఈ రోజు దాన్నే విషయంగా తీసుకున్నాను.

అయితే ఈ ప్రశ్నకు కట్టుబాటు లేకపోతే అది కోరికల చిట్టాగా మారుతుంది. అందుకని మూడు షరతులు పెట్టుకుంటాను. ఒకటి, మనం ఊహించే రెండో దారి ఆ రోజు నిజంగా అందుబాటులో ఉండాలి, దాన్ని కోరిన మనుషులు ఉండాలి. రెండు, ఆ ఒక్క నిర్ణయాన్నే మార్చాలి, మిగతా లోకాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. మూడు, దాని వల్ల వచ్చే లాభంతో పాటు నష్టాన్ని కూడా లెక్కలో రాయాలి.

1. ఫిలడెల్ఫియాలో ఓడినవారు

మన కథకు ముందు ఒక దూరదేశపు కథ చెప్పాలి. 1787 మే నుంచి సెప్టెంబర్ దాకా ఫిలడెల్ఫియా నగరంలో అమెరికా రాజ్యాంగాన్ని రాశారు. అప్పటివరకు అక్కడి 13 రాష్ట్రాలు వదులుగా కట్టిన సమాఖ్యగా ఉండేవి. కేంద్రానికి పన్ను వేసే అధికారం లేదు. ఒప్పందంలో ఒక్క మాట మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. దిగుమతులపై 5 శాతం సుంకం వేద్దామంటే 1782లో రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం ఒక్కటే అడ్డం పడి ఆపేసింది. అందుకే గట్టి కేంద్రం కావాలన్న పక్షం కొత్త రాజ్యాంగం తెచ్చింది. వారిని ఫెడరలిస్టులన్నారు.

ఎదిరించినవారిని యాంటీ ఫెడరలిస్టులన్నారు. వర్జీనియాలో పాట్రిక్ హెన్రీ, జార్జ్ మేసన్, న్యూయార్క్‌లో జార్జ్ క్లింటన్, మెలాంక్టన్ స్మిత్ వారిలో ముఖ్యులు. వారి భయం సూటిగానే ఉంది: ఇంత విశాలమైన దేశానికి దూరాన కూర్చున్న ప్రభుత్వం మన గోడు వినదు, బలమున్న రాష్ట్రాలు, పలుకుబడి ఉన్న కుటుంబాలు మిగతావారిని మింగుతాయి, పౌరుల హక్కుల పట్టిక ఒక్కటైనా ఈ రాజ్యాంగంలో లేదు. హక్కుల పట్టిక చేర్చుదామని మేసన్ సభలోనే అడిగారు. సభలో ఉన్న రాష్ట్రాలన్నీ కాదన్నాయి. ఆయన సంతకం పెట్టలేదు.

ఆ తర్వాత ఒక్కో రాష్ట్రంలో జరిగిన ఓట్లు చూడండి. మసాచుసెట్స్‌లో 187కు 168. వర్జీనియాలో 89కి 79. న్యూయార్క్‌లో 30కి 27. మసాచుసెట్స్‌లో 10 మంది, న్యూయార్క్‌లో ఇద్దరు అటు నుంచి ఇటు మారితే ఫలితం తారుమారు. అలా జరిగితే రెండో రాజ్యాంగ సభ పెట్టమన్న వారి డిమాండుకు బలం వచ్చేది. ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు వేరు సమాఖ్యలుగా విడిపోయే అవకాశమూ ఉండేది. ఆ పక్షం గెలిస్తే అంతా మేలే జరిగేదని నేను అనను. ఒక్క రాష్ట్రం 12 రాష్ట్రాలను కట్టిపడేసే పాత పద్ధతి మిగిలేది. బానిసలుగా బతికిన నల్లజాతి ప్రజలకు ఏ పక్షం గెలిచినా విముక్తి దొరికేది కాదు. రెండు వైపులా బానిసల యజమానులున్నారు.

నన్ను ఆకట్టుకునేది వారు ఓడిన తర్వాత జరిగినది. సవరణలు చేస్తామన్న మాట మీదనే మసాచుసెట్స్‌లో కొందరు మెత్తబడ్డారు. హక్కుల పట్టిక అవసరం లేదని మొదట వాదించిన జేమ్స్ మాడిసనే, 1789లో ఎన్నికల బరిలో జేమ్స్ మన్రోను ఎదుర్కొంటూ సవరణలకు మాటిచ్చారు. కాగితం మీది హామీకి బలమెక్కడిదన్న సందేహం ఆయనకు ఉండేది. పారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్ దానికి జవాబు రాశారు: హక్కులు రాసి పెడితే వాటిని నిలబెట్టే అధికారం న్యాయస్థానాల చేతికి వస్తుంది. 1789 జూన్ 8న మాడిసన్ సవరణలు ప్రతిపాదిస్తూ అదే వాదం వినిపించారు. 1791 డిసెంబర్ 15 నాటికి 10 సవరణలు రాజ్యాంగంలో చేరాయి. ఓడినవారు అడిగిన వాటిలో చాలా దొరకలేదు. పన్నుల మీద పరిమితి దొరకలేదు, కేంద్రం బలం తగ్గలేదు. దొరికినది మాత్రం గెలిచినవారు తమ ఇష్టప్రకారం వెనక్కి తీసుకోలేని చోట రాయబడింది.

ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకొని మన దగ్గరికి వద్దాం.

2. మన దగ్గర ఓడిన వాదం

1953 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని నియమించింది. ఫజల్ అలీ అధ్యక్షులు. హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులు. 1955 సెప్టెంబర్ 30న నివేదిక ఇచ్చారు. హైదరాబాద్ రాష్ట్రంలోని మరాఠీ, కన్నడ జిల్లాలు ఆయా భాషల రాష్ట్రాలకు పోవాలన్నారు. తెలంగాణ జిల్లాలు, బీదర్ జిల్లా కలిసి హైదరాబాద్ రాష్ట్రంగా మిగలాలన్నారు. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే అప్పుడు ఆంధ్రతో కలవవచ్చన్నారు.

ఆ సంఘం తెలుగువారందరినీ ఒకే రాష్ట్రంలో కలపాలన్న విశాలాంధ్ర వాదానికి శత్రువు కాదు. కృష్ణా గోదావరి లోయలను కలిపి అభివృద్ధి చేయవచ్చని, ఆంధ్రకు రాజధాని సమస్య తీరుతుందని, ఒకే భాష మాట్లాడే ప్రజలు ఒక్కచోటికి వస్తారని తానే రాసింది. అటు వైపు తూకంలో మరికొన్ని పెట్టింది. తెలంగాణకు భూమిశిస్తు, ఆబ్కారీ ఆదాయం ఉంది. ఆబ్కారీ ఒక్కటే ఏటా 5 కోట్ల రూపాయల దాకా. ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పటి నుంచి నిధుల కొరతతో సతమతమవుతోంది. చదువులో వెనుకబడిన తెలంగాణ ప్రజలు, ముందంజలో ఉన్న కోస్తావారి కింద నలిగిపోతామని భయపడుతున్నారు. కనుక కలయిక ప్రజల ఇష్టంతో జరగాలి, దానికి సమయం ఇవ్వాలి. సంఘం చెప్పినది ఇది.

ఆ భయం ఊహాజనితం కాదు. 1952లోనే ఉద్యోగాలు స్థానికులకే, అంటే ముల్కీలకే దక్కాలన్న ముల్కీ ఉద్యమం హనుమకొండ, వరంగల్లులో మొదలై హైదరాబాదుకు పాకింది; ఆ సెప్టెంబర్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు కాంగ్రెస్ అధ్యక్షుడు ధేబర్‌కు రాసిన లేఖలో, తెలంగాణలో ఎక్కువమంది వేరు రాష్ట్రమే కోరుతున్నారని తెలిపారు. కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి ఆ వాదానికి నాయకులు.

ఇటు విశాలాంధ్ర వాదులు కూడా తెలంగాణ బిడ్డలే. సాయుధ పోరాటంలో నెత్తురు చిందించిన కమ్యూనిస్టులు వారిలో ముందున్నారు. నిజాం పాలనలో తెలుగు బడి కోసం, తెలుగు గ్రంథాలయం కోసం తపించిన తరానికి తెలుగువారంతా ఒక్కటి కావడం పెద్ద కల. ఆ కలను నేను చిన్నచూపు చూడను.

హైదరాబాద్ శాసనసభలో నివేదికపై చర్చ జరిగింది. ఓటింగు జరగలేదు గాని ఎవరి మొగ్గు ఎటో లెక్క కట్టారు. 174 మంది సభ్యుల్లో 147 మంది అభిప్రాయం చెప్పారు. 103 మంది విశాలాంధ్రకు, 29 మంది వేరు రాష్ట్రానికి, 15 మంది తటస్థంగా అన్నది తరచూ ఉదహరించే లెక్క. ఈ 103 మందిలో రాష్ట్రం విడిచి పోనున్న మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులూ ఉన్నారు. తెలంగాణ సభ్యులు 94 మందిలో విశాలాంధ్ర వైపు 59 మంది, వేరు రాష్ట్రం వైపు 25 మంది అంటారు. 94లో మూడింట రెండు వంతులంటే 63. నలుగురు తక్కువ పడ్డారు. అంటే మెజారిటీ విశాలాంధ్ర వైపే ఉంది. సంఘం అడిగిన స్థాయి అంగీకారం మాత్రం ఇంకా రాలేదు. రెండూ నిజమే. ఆ రెండింటి నడుమ ఉన్న ఖాళీని పూడ్చడానికే సంఘం 5 ఏండ్ల గడువు ఇమ్మన్నది.

ఆ గడువు ఇవ్వలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. మార్చి 5న మన నిజామాబాదులో జరిగిన బహిరంగ సభలోనే ప్రధాని నెహ్రూ కలయిక నిర్ణయం ప్రకటించారు. దాన్ని పెండ్లితో పోల్చి, పొసగకపోతే విడిపోయే వీలు కూడా ఉంటుందన్న అర్థం వచ్చేలా మాట్లాడారని ఈ జిల్లాలో తరాలుగా చెప్పుకుంటారు. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

3. ఆ సిఫార్సు నెగ్గి ఉంటే

ఇప్పుడు మన ప్రశ్న. 1956 నవంబర్ 1న ఫజల్ అలీ చెప్పినట్టే జరిగి ఉంటే?

ముందు మారనివి చెప్తాను, ఎందుకంటే మనం ఎక్కువగా తప్పు లెక్క వేసేది అక్కడే. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను తీసుకోండి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో కట్టిన ఈ చెరువే బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు వరి, చెరుకు పండించింది. 1930ల చివర బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీని నిలబెట్టింది. దాదాపు 30 టీఎంసీలు పట్టిన జలాశయంలో పూడిక చేరి నిల్వ 18 టీఎంసీలకు దిగింది. పైన సింగూరు కట్టి నీళ్లు హైదరాబాదుకు తీసుకుపోయినప్పుడు మన ఆయకట్టు చివరి పొలాలు ఎండాయి. దీన్నంతా విలీనం ఖాతాలో రాయడం సులువు. కాని పూడికకు రాష్ట్రం పేరుతో పని లేదు. హైదరాబాద్ ఎటూ తెలంగాణ రాజధానిగానే ఉండేది, నగరం దాహం అంతే ఉండేది. మంజీర మీద నగరానికి, పొలానికి మధ్య ఈ పంచాయితీ తెలంగాణ ప్రభుత్వంలోనూ వచ్చి తీరేది.

అలాగే మన చుట్టూ ఉన్న క్యాంపులు. గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు నిజాంసాగర్ నీళ్లు చూసి ఇక్కడ భూములు కొని స్థిరపడడం విలీనానికి ముందు, నిజాం కాలంలోనే మొదలైంది. వేరు రాష్ట్రమున్నా వారు ఇక్కడే ఉండేవారు, మనతోనే కలిసి నాట్లు వేసేవారు.

ఇక మారేవి. మొదటిది, మ్యాపు. బీదర్ ఆ రాష్ట్రంలోనే ఉండేది. 1956లో నాందేడ్ జిల్లా దేగ్లూరు తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఇటు వచ్చాయి, బీదర్ పట్టణం మైసూరుకు పోయింది. బీదర్ కూడా ఉన్న రాష్ట్రంలో బాన్సువాడ సరిహద్దు ఊరుగా కాక, తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలగలిసిన ప్రాంతానికి నడుమ ఊరుగా ఉండేది.

రెండోది, నదీజలాల వాదన. కృష్ణా జలాలపై 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ ముందు తెలంగాణ తన పేరుతో, తన వకీలుతో నిలబడేది. వాస్తవంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కలిపి దక్కాయి; అందులో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న ఇంట్లోనే నలిగి, 2014 తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలైంది. విలీనం లేకపోతే ప్రాజెక్టులే ఉండేవి కావన్న వాదానికి నాగార్జునసాగర్ జవాబు: 1955 డిసెంబర్ 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిననాడు ఆంధ్ర, హైదరాబాద్ రెండు వేరు రాష్ట్రాలు. తుంగభద్ర ఆనకట్టనూ హైదరాబాద్, మద్రాసు కలిసే కట్టాయి. న్యాయం కోసం ఇంకో మాట కూడా చెప్పాలి. మన పాత నిజామాబాద్ జిల్లాలోనే పోచంపాడు దగ్గర 1963లో పని మొదలైనది ఉమ్మడి రాష్ట్రంలోనే. అప్పటి పాలనలో ఏమీ రాలేదనడం సరికాదు.

మూడోది, అన్నింటికన్నా ముఖ్యమైనది, అంగీకారం. 1962 ఎన్నికల తర్వాత ఆ శాసనసభలో మూడింట రెండు వంతులు వచ్చి ఉంటే తెలంగాణ తనంతట తాను, తన షరతులు తాను రాసుకొని, ఒక రాష్ట్రంగా ఇంకో రాష్ట్రంతో మాట్లాడి కలిసేది. అలా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఈ రోజుకూ కలిసే ఉండేదేమో. రాకపోతే రెండు తెలుగు రాష్ట్రాలు అప్పుడే స్థిరపడేవి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో విద్యార్థుల గుండెలకు తూటాలు తగిలే సందర్భం రాకపోయేది. రెండు దారుల్లో ఏది జరిగేదో ఎవరూ చెప్పలేరు. కాని రెండింటిలోనూ నిర్ణయం తమదేనన్న నమ్మకం ప్రజలకు ఉండేది. 1956లో మనకు దక్కనిది అది.

4. ఒప్పందానికి ఏమైంది

పెద్దమనుషుల ఒప్పందంలో ఏముందో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే ఓడిన వాదానికి ఇచ్చిన ప్రతిఫలం అదే. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు బూర్గుల, రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు సంతకాలు చేశారు. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు పెట్టాలి. ఉద్యోగాల్లో స్థానికులకు 12 ఏండ్ల నివాస నియమం ఉండాలి. వ్యవసాయ భూముల అమ్మకంపై ప్రాంతీయ మండలి అదుపు ఉండాలి. మంత్రివర్గంలో 60, 40 శాతం పాలు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం వారు కావాలి. తగ్గట్టుగా రాసుకున్న మంచి షరతులు.

మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి పదవి లేదు. ప్రాంతీయ మండలి కాస్తా ప్రాంతీయ సంఘమై, 371వ అధికరణం కింద 1958లో శాసనసభ్యుల సలహా సంఘంగా వచ్చింది. తేడా వస్తే గవర్నర్ మాటే చివరిది. మిగులు నిధుల విషయంలో 1969లో అఖిలపక్షం కూర్చొని, ఆ తర్వాత లెక్క తేల్చడానికి ఒక అధికారినీ, మళ్లీ జస్టిస్ భార్గవ సంఘాన్నీ వేయాల్సి వచ్చింది. 13 ఏండ్లు లెక్కే తేలకపోవడం దేన్ని చెప్తుందో మీకు తెలుసు.

ఉద్యోగాల షరతుకు జరిగినది మరింత నేర్పుతుంది. దానికోసం 1957లో పార్లమెంటు చట్టం చేసింది. 1969 మార్చి 28న సుప్రీంకోర్టు ఆ చట్టంలోని తెలంగాణ నియమాన్ని కొట్టివేసింది. రాజ్యాంగం 16వ అధికరణం నివాస నియమాన్ని రాష్ట్రం మొత్తానికి అనుమతిస్తుందే గాని, రాష్ట్రంలో ఒక భాగానికి కాదన్నది కోర్టు. అంటే హామీ ఇచ్చిన పెద్దలు దాన్ని నిలబెట్టే రాజ్యాంగ సవరణ మాత్రం చేయలేదు. అప్పటికే రాజుకున్న ఉద్యమం ఆ తీర్పుతో భగ్గుమంది. 369 మంది ప్రాణాలు కోల్పోయారన్నది ఉద్యమం తరతరాలుగా చెప్పుకునే లెక్క. 1971లో తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నియమాలు చెల్లుతాయంటే ఈసారి అటు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాలు, 32వ రాజ్యాంగ సవరణ, 371డి అధికరణం వచ్చాయి. ప్రాంతీయ సంఘం, ముల్కీ నియమాలు రద్దయ్యాయి. స్థానికులకు ఉద్యోగాల రక్షణ మొదటిసారి రాజ్యాంగంలో గట్టిగా నిలిచింది అప్పుడే. 1956లో చేయాల్సిన పని 17 ఏండ్ల తర్వాత, ఎందరి బలిదానమో అయినాక జరిగింది.

అమెరికాలో ఓడినవారికి ఇచ్చిన మాటకు, మన దగ్గర ఓడినవారికి ఇచ్చిన మాటకు తేడా ఇక్కడ ఉంది. అక్కడ మాట నాలుగేండ్లలోపే రాజ్యాంగంలో చేరింది, దాన్ని నిలబెట్టే అధికారం గెలిచినవారి చేతి నుంచి తప్పించి న్యాయస్థానానికి ఇచ్చారు. ఇక్కడ మాట ఇచ్చినవారే దాన్ని అమలు చేసేవారు, అమలయిందా లేదా చూసేవారు కూడా వారే. మన నాయకుల నిజాయితీని నేను శంకించడం లేదు. ఎంత నిజాయితీ ఉన్నవాడైనా, ఇచ్చిన మాట తప్పితే అడిగేవాడు లేనప్పుడు, అవసరం వచ్చిననాడు సర్దుకుంటాడు. ఓడిన వాదం గెలవకపోయినా దానిలోని న్యాయం బతకాలంటే హామీకి తనదైన కావలి ఉండాలి. నేను ఈ సభకు చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే.

5. గెలిచిన మన బాధ్యత

1956 ఫిబ్రవరి 20 గడిచిన సరిగ్గా 58 ఏండ్లకు, 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు రాజ్యసభలో ఆమోదం పొందింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. 1955లో ఓడిన వాదం 2014లో గెలిచింది. ఈసారి ఓడిన పక్షం ఆంధ్ర. అదే రోజు రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. అది సభలో పలికిన మాట, చట్టంలో రాయలేదు. ఆ హోదా రాలేదు. 1956లో మనకు జరిగినదే, ఆకారం మారి, అటువైపు వారికి జరిగింది. ఈ పోలిక చెప్పినందుకు ఇక్కడ ఎవరికైనా కష్టంగా తోస్తే నన్ను మన్నించాలి. మనకు జరిగిన అన్యాయాన్ని అన్యాయమని నిరూపించేది ఏ సూత్రమో, అదే సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. మన కష్టకాలంలో మాత్రమే పనికివచ్చే న్యాయం న్యాయం కాదు.

ఇది రాష్ట్రాల మధ్యనే కాదు, మన లోపలా ఉన్న ప్రశ్న. సింగూరు, నిజాంసాగర్ నీళ్లలో నగరానికెంత, పొలానికెంత; ఆయకట్టు మొదటి రైతుకెంత, చివరి రైతుకెంత; జిల్లాలు విడదీసినప్పుడు ఏ కార్యాలయం ఎక్కడ. ప్రతి నిర్ణయంలో ఓడేవారుంటారు. వారికి సభలో చప్పట్ల మధ్య ఒక హామీ ఇవ్వడం చాలా తేలిక. ఆ హామీ రాతలో ఉందా, గడువు ఉందా, తప్పితే వారు ఎక్కడికి పోయి అడగాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకపోతే, అది ఇంకో పెద్దమనుషుల ఒప్పందమే అవుతుంది.

విద్యార్థులకు నా విన్నపం ఇది. 1956 గురించి చదివేటప్పుడు ఎవరు మోసం చేశారని వెతకడంతో ఆగకండి. ఆ షరతుల్లో ఏది రాజ్యాంగంలో ఉండాల్సింది, ఏది చట్టంలో ఉండాల్సింది, ఏది ఏ కోర్టు ముందు నిలిచేది అని ఒక్కొక్కటిగా పరిశీలించండి. ఆ పని చేస్తే రేపు మీరు సర్పంచులైనా, అధికారులైనా, శాసనసభ్యులైనా, మీ చేతిలో ఓడినవారికి మీరిచ్చే మాట గట్టిగా ఉంటుంది. గెలుపు తెచ్చే అసలు బాధ్యత అదే.